ఏటిగట్టు మీద టైరు గాడి

పోయిన ఆగస్టులో మా మేనల్లుడు ఒక వీడియో పంపాడు. ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు, సైకిలంటే ప్రాణం పెడతాడు. వీడియోలో వాడూ ఇంకో ఇద్దరు కుర్రాళ్ళూ మా ఊరి దగ్గర ఏటిగట్టు మీంచి లంక వైపుకి దిగుతున్నారు. మా ఊరంటే రావులపాలెం దాటాక గౌతమి పక్కన. గట్టు వాలులోనే మట్టి తవ్వి, ఆ మట్టితోనే కింద ఒక దిమ్మ కట్టుకున్నారు, పైనించి దూసుకొచ్చి దాని మీంచి గాల్లోకి లేస్తున్నారు, నేల తగలగానే వెనక బ్రేకు బిగించి సైకిల్ని అడ్డంగా తిప్పి ఆపుతున్నారు, మట్టి ఇంతెత్తున లేస్తోంది. "ఎలా ఉంది మావయ్యా" అని కింద రాసాడు.

మొదటిసారి చూసి సంతోషపడ్డాను, అబద్ధం చెప్పను. గాల్లో ఉన్నప్పుడు వాడి భుజాలు, చూపు, పెడల్స్ మీద కాళ్ళు ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి, అదంత తేలిక కాదు. రెండోసారీ మూడోసారీ కూడా వాడినే చూసాను. నాలుగోసారి మట్టిని చూసాను. గట్టు పైనించి కింద దాకా గడ్డి లేచిపోయి మూరెడు వెడల్పున ఎర్రగా ఒక చార. ఆ వారం టీవీలో పొద్దస్తమానం భద్రాచలం నీటిమట్టం స్క్రోలింగు నడుస్తోంది.

ఫోన్ చేసి తిట్టాను. వాడు అంతా విని ఒకే మాట అన్నాడు, "నువ్వే కదా మావయ్యా నేర్పించింది". నిజమే, నేనే నేర్పించాను. దిగడం నేర్పించాను, ఎగరడం నేర్పించాను, ఎక్కడ తొక్కకూడదో మాత్రం ఎప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు, అది వాడికి దానంతటదే తెలుస్తుందనుకున్నాను. ఆ లోటు ఎలా పూడ్చాలా అని అప్పట్నించీ ఆలోచిస్తున్నదే ఇక్కడ రాస్తున్నా.

బ్లాక్ డైమండ్ అంటే నాకు అర్థమైంది

కొండదారుల్లో సైకిల్ తొక్కే ఈ తొక్కుడు, మౌంటెన్ బైకింగు అంటారు, నేను నేర్చుకున్నది అమెరికాలో, యూటా రాష్ట్రంలో ఉద్యోగం చేసిన మూడేళ్ళలో. అక్కడ దారి మొదట్లోనే బోర్డు ఉంటుంది, ఆకుపచ్చ గుండ్రం అయితే తేలిక, నీలం చదరం అయితే మధ్యస్థం, నల్ల డైమండ్ అయితే కష్టం, రెండు నల్ల డైమండ్లుంటే బాగా ఆరితేరినవాళ్ళకి మాత్రమే. స్కీయింగు కొండల నించి తీసుకున్న గుర్తులివి. తేలిక దారి మూడడుగుల వెడల్పు ఉంటే, డబుల్ బ్లాక్‌లో చక్రం నడిచే చోటు కొన్నిచోట్ల ఆరంగుళాలే ఉంటుంది, జానెడు కూడా కాదు, వాలు 20 శాతం పైన, మధ్యలో రాళ్ళు, వేర్లు, నడుమెత్తు మెట్లు.

మొదటి ఏడాది నా ధ్యాసంతా ఆ రంగుల మీదే. నీలం అయింది, నలుపు ఎప్పుడు? నలుపు దిగుతున్నప్పుడు భయం వేస్తే వెనక బ్రేకు బిగించేవాణ్ణి, చక్రం లాకైపోయి జరజరా జారేది, అలా జారుతూ కిందకి చేరితే దిగేసినట్టే అని లెక్కేసుకునేవాణ్ణి. ఒకరోజు నా వెనకే దిగిన అరవై ఏళ్ళ పెద్దావిడ ఒకరు కింద ఆగి, చాలా మర్యాదగా, "నువ్వు దిగలేదు, జారావు, వెనక్కి వెళ్ళి నీ గీత చూసుకో" అంది. వెళ్ళి చూసాను. మలుపు ముందు పదిహేనడుగుల గాడి, పైమట్టంతా మలుపు బయటకి నెట్టేసి ఉంది. ఆవిడ గీత కోసం వెతికాను, టైరు పళ్ళ అచ్చు తప్ప ఏమీ కనబడలేదు.

చక్రం తిరుగుతున్నంతసేపే నేల మీద పట్టుంటుంది, ఆగిపోయిన చక్రానికి పట్టూ ఉండదు, అది ఎటు వెళ్ళాలో మన చేతిలోనూ ఉండదు. మలుపులోకి వెళ్ళకముందే వేగం తగ్గించుకోవాలి, మలుపులో బ్రేకు వదిలేయాలి, మడమలు కిందకి దించి నడుం వెనక్కి వంచి, రెండు లివర్ల మీదా ఒక్కో వేలు పెట్టి, ముందు బ్రేకుని నమ్మడం నేర్చుకోవాలి. నమ్మడమే కష్టం, ముందు బ్రేకు పడితే ఎగిరి ముందుకి పడిపోతామని చిన్నప్పట్నించీ వింటూ పెరిగాం కదా. అందరూ మలుపు ముందు కంగారుగా బ్రేకు కొట్టే చోట నేల అలలు అలలుగా తయారవుతుంది, బ్రేకింగ్ బంప్స్ అంటారు వాటిని, వర్షం వస్తే ఒక్కో అలలో నీళ్ళు నిలబడి మడుగవుతుంది, మడుగు తప్పించుకుని పక్కనించి తొక్కేవాళ్ళ వల్ల దారి వెడల్పవుతుంది, రెండేళ్ళలో జానెడు దారి బండిబాటంత అవుతుంది.

అందుకే మా వాడు వీడియోలో అందరికంటే గొప్పగా చూపించుకున్న ఆ అడ్డం తిప్పుడే నాకు అన్నిటికన్నా నచ్చలేదు. చూసేవాళ్ళకది ఆరితేరినతనంలా కనిపిస్తుంది, నా లెక్కలో అది ఇంకా చేతకానితనమే. బ్లాక్ డైమండ్ తొక్కగలిగినవాడంటే, వాడు దిగిపోయాక కూడా దారి ముందెలా ఉందో అలాగే ఉండాలి. ఇలా గుర్తు మిగల్చకుండా తొక్కే పద్ధతి గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది దాన్ని మర్యాద కింద, మంచితనం కింద చెప్తారు, నైపుణ్యం ఒకటీ బాధ్యత ఒకటీ అన్నట్టు రెండు డబ్బాల్లో పెడతారు. నాకలా అనిపించదు, రెండూ చేసేవి అవే రెండు వేళ్ళు.

పార పట్టిన రోజు

అక్కడ ఏడాదికి కొన్ని రోజులు తొక్కేవాళ్ళంతా కలిసి దారి బాగు చేస్తారు. నేను వెళ్ళిన మొదటిరోజు మంచు కరిగి ఇంకా నేల పూర్తిగా ఆరలేదు. ఆ బురద రోజుల్లో అసలు తొక్కొద్దని, టైరు గాడి దిగుతోందంటే అక్కడే వెనక్కి తిరగమని అక్కడివాళ్ళు పదేపదే చెప్తారు. నా చేతికి వెడల్పు పళ్ళున్న పారలాంటిది ఒకటిచ్చి, దారి కొంచెం పల్లమైన చోట కింది అంచు చెక్కి నీళ్ళు బయటకి పోయేలా చేయమన్నారు. ఎలా చేయాలో చూపించబోతుంటే నేనప్పటికే మొదలెట్టేసాను. చిన్నప్పుడు మా నాన్నగారితో కలిసి పంట బోదె ఎన్నిసార్లు చెక్కలేదు! పైనించి వచ్చే నీటికి ఎక్కడ వాటం ఇవ్వాలి, మట్టి ఎటు వేయాలి, ఎంత వాలు పెడితే కోసుకుపోతుంది, ఎంత పెడితే పూడిపోతుంది, ఇదంతా మా చేతులకి తెలిసిన పని.

వాళ్ళ లెక్కలు తర్వాత తెలిసాయి. కొండవాలు ఎంతుందో దారి వాలు అందులో సగానికి మించకూడదు, మించితే నీళ్ళు దారికి అడ్డంగా పోకుండా దారి వెంబడే పోతాయి. మొత్తం మీద సగటు వాలు పది శాతం లోపు ఉంచితే దారి నిలబడుతుంది. నల్ల డైమండ్ దారులు ఈ లెక్క దాటిపోతాయి కాబట్టి వాటిని రాతి మీద వేయాలి, లేకపోతే రాళ్ళు పరిచి గట్టి చేయాలి. ఎగుడుదిగుడు రాళ్ళు అక్కడ మన సరదా కోసమే ఉన్నాయని చాలారోజులు అనుకున్నాను, మట్టిని ఆపి ఉంచుతున్నవి కూడా అవే.

యూటాలోనే మోయబ్ అనే ఊళ్ళో స్లిక్‌రాక్ అని పేరున్న దారి ఉంది, 1969లో మోటారు సైకిళ్ళ కోసం గుర్తులు పెట్టారు, ఇప్పుడు ప్రపంచమంతా సైకిల్ వాళ్ళు వెళ్తారు. మొత్తం ఇసుకరాయి, దాని మీద తెల్ల గీతలు. రాయి మీద ఎంత తొక్కినా ఏమీ కాదు, కానీ గీత దాటి పక్కనున్న నేల మీద కాలు పెట్టొద్దని గట్టిగా చెప్తారు. ఎందుకంటే ఆ నేల పైన నల్లగా పెచ్చులాంటి పొర ఉంటుంది, సూక్ష్మజీవులు అల్లుకుని మట్టిని పట్టి ఉంచే పొర, ఒక్క టైరు వెళ్తే పగులుతుంది, మళ్ళీ కట్టుకోవడానికి ఏళ్ళూ దశాబ్దాలూ పడుతుంది. ఇక్కడ మా ఏటిగట్టు మీద గడ్డి చేసేదీ అదే పని. మా ఊళ్ళో ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు, మరి మా వాడికి సైకిలెక్కగానే ఎందుకు గుర్తు రాలేదో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

లస్కరుగారి కర్ర

వీడియో చూసిన మర్నాడు గట్టు దగ్గరకి వెళ్ళాను, వాణ్ణీ రమ్మన్నాను. మేం వెళ్ళేసరికి అక్కడ ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు, ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే గట్లూ కాలవలూ కనిపెట్టుకుని ఉండే పనిలో, చేసి రిటైరయ్యారు, జీతం లేకపోయినా రోజూ సాయంత్రం గట్టు మీద ఆ చివరి దాకా నడిచి వస్తారు. ఆయన మమ్మల్ని తిడతారనుకున్నాను. తిట్టలేదు. చేతికర్ర ఆ గాడిలో పెట్టి లోతు చూసారు, నాలుగు వేళ్ళు దిగింది.

"ఎండలో ఇది గీతేనండి బాబూ. రేపు వానొత్తే బోదవుద్దండి. ఏరొచ్చి గట్టుకి కొట్టేటప్పుడు ఆ బోది దగ్గరే ముందు కొరుక్కుంటదండి. అవతలేపు ఎలక్కన్నం ఉందనుకోండి, ఇంకేముందండి, బుంగ పడిపోద్ది."

మా వాడు "ఇంత చిన్నదానికే గండి పడుద్దా తాతగారూ" అని అడిగాడు, ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు. ఆయన, "గండెక్కడ పడుద్దో ముందు తెలిత్తే ఊరంతా అక్కడే కూకుంటాం కద బాబూ" అన్నారు.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఆయన డ్యూటీలో ఉన్నారు. గట్లు తెగిన ఆ రోజుల గురించి మా ఇంట్లో కూడా కథలున్నాయి, మా అమ్మ ఇప్పటికీ ఏ సంగతైనా గోదారొచ్చిన ఏడాదికి ముందా తర్వాతా అనే లెక్క చెప్తుంది. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు నేనూ ఇసుక బస్తాలు మోసాను, మా మేనల్లుడూ మోసాడు. ఆ రాత్రి టార్చిలైటు పట్టుకుని గట్టుకి ఊరి వైపు వాలంతా ఎక్కడ తడి కనబడుతుందా అని అడుగడుగూ వెతికినవాడే వీడు!

ఆ గాడి పూడ్చడానికి మాకు రెండు సాయంత్రాలు పట్టింది. మట్టి పోసేస్తే సరిపోదు, పాత మట్టికి కొత్త మట్టి పట్టదు, మెట్లు మెట్లుగా చెక్కి, కొంచెం కొంచెం పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాలి. పైన గడ్డి దుబ్బులు నాటాలి. ఎక్కడ ఎంత కొట్టాలో పెద్దాయనే దగ్గరుండి చెప్పారు. కుర్రాళ్ళు ముగ్గురి చేతులూ బొబ్బలెక్కాయి. వీడియోలో వాళ్ళు ఆ దిమ్మ మీంచి ఎగిరింది మొత్తం కలిపి నిమిషం కూడా ఉండదు.

ఇసుక ట్రాక్టర్ల మాటేంటి

రెండో సాయంత్రం మా వాడు అడిగిన ప్రశ్న ఇది, సమాధానం చెప్పకుండా దాటేయలేను. ఇసుక రేవుల్లోకి దిగే ట్రాక్టర్లు గట్టుని ఏం చేస్తున్నాయో అందరికీ తెలుసు, ర్యాంపు చోట గట్టు సగం అరిగిపోతుంది. గేదెల మంద దిగినా గాడే. పన్నెండు కేజీల సైకిల్, అరవై కేజీల కుర్రాడు, వీళ్ళ మీదే ఎందుకు పడతారు అంటాడు. న్యాయమైన మాటే. అక్కడ అమెరికాలో జరిగిన కొన్ని పరిశీలనల్లో కూడా ఉన్న దారి మీద మామూలుగా తొక్కే సైకిల్ వల్ల అయ్యే అరుగుడు, నడిచేవాళ్ళ వల్ల అయ్యేదానికన్నా పెద్దగా ఎక్కువేం ఉండదని తేలింది. గుర్రాలు దానికన్నా ఎక్కువ పాడు చేస్తాయి.

కానీ ఉన్న దారి మీద, మామూలుగా అన్న రెండు మాటలు అందులోంచి తీసేయలేం. తడిలో తొక్కడం, స్కిడ్ కొట్టడం, కొత్తగా అడ్డదారి కోయడం, ఈ మూడూ ఆ లెక్కలోకి రావు, మా వాళ్ళు ఆ గట్టు మీద చేసింది సరిగ్గా ఈ మూడే. ఇంకోటి, గేదెలకి నీళ్ళ దగ్గరకి వెళ్ళక తప్పదు, లంకలో పశువుల మేతకీ అరటి గెలలకీ ట్రాక్టరు దిగక తప్పదు. మన దిగుడులో అవసరం ఎక్కడుంది? ఆటే కదా. ఆట తప్పని నేను అనను, ఆట లేకపోతే నేనుండేవాణ్ణి కాదేమో, ఆ దూరదేశంలో ఒంటరితనం నించి నన్ను బయట పడేసింది ఈ సైకిలే. కానీ ఆట కోసం వాడుకునేవాడికి అవసరం కోసం వాడుకునేవాడి కన్నా లెక్క గట్టిగా ఉండాలి. ట్రాక్టరు గురించి ఎవరు అడగాలో వాళ్ళని అడుగుదాం, అడగాల్సిందే కూడా, కానీ మన గాడి పూడ్చుకున్నాక అడిగితే ఆ మాటకి బలం ఉంటుంది.

అసలీ నియమాలు పుట్టిందే తలుపులు మూసుకుపోవడం వల్ల. కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కుర్రాళ్ళు 1976లో పాత బరువు సైకిళ్ళతో కొండదారి మీద పందేలు మొదలెట్టారు, ఒక్కసారి దిగేసరికి వెనక చక్రం బ్రేకు హబ్బులో గ్రీజంతా కాలిపోయేదట, మళ్ళీ గ్రీజు నింపాల్సి వచ్చేది కాబట్టి ఆ దారికి రీప్యాక్ అని పేరు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లోకి వెళ్ళింది ఈ ఆట. మధ్యలో మాత్రం అదే మారిన్‌లో, ఆట పుట్టిన టామల్పాయస్ కొండ మీదే, సన్నదారుల్లోకి సైకిళ్ళు రానివ్వకుండా చేసారు, వెడల్పు దారుల్లో కూడా గంటకి 15 మైళ్ళు, గుడ్డి మలుపుల్లో 5 మైళ్ళే అని వేగం కట్టేసారు. గుర్రాల వాళ్ళూ నడిచేవాళ్ళూ బెదిరిపోయి గొడవ చేసారు మరి. 1988లో కాలిఫోర్నియా సైకిల్ సంఘాలు కొన్ని కలిసి ఇంబా అనే పెద్ద సంఘం పెట్టుకుని, అనుమతి ఉన్న దారిలోనే తొక్కు, గుర్తు మిగల్చకు, సైకిల్ అదుపులో ఉంచు, ఎదుటివాళ్ళకి దారివ్వు, జంతువుల్ని బెదరగొట్టకు, ముందే సిద్ధపడి వెళ్ళు అని ప్రచారం చేసుకోవాల్సి వచ్చింది. వాళ్ళు పోగొట్టుకున్నాక నేర్చుకున్నారు. మనకింకా పోవడానికి కూడా ఏమీ లేదు, ఇక్కడ ఈ ఆటకని వేసిన దారి ఒక్కటీ నేను చూడలేదు.

మారేడుమిల్లిలో ఆ తల్లి

డెల్టాలో పుట్టినవాడికి వాలు కావాలంటే రెండే ఉన్నాయి, గట్టు, లేకపోతే పైకెళ్ళి మన్యం. రాజమండ్రి మీదుగా రంపచోడవరం, అక్కణ్ణించి మారేడుమిల్లి. అమెరికా నించి తిరిగొచ్చాక నేనూ వెళ్ళాను, నాలుగైదుసార్లు. ఘాట్ రోడ్డు పక్కన అడవిలోకి కాలిబాటలున్నాయి, ఎవరో నిపుణుడు గీసినట్టు ఉంటాయి, సరిగ్గా కొండకి అడ్డంగా, వాలు ఎక్కడా మించకుండా, వేర్లూ రాళ్ళూ ఎక్కడ నిలబెట్టాలో అక్కడే. యూటాలో డబ్బులు పోసి వేసిన దారుల కన్నా బాగున్నాయి. ఎంతో కాలంగా కొండరెడ్లు నడిచి నడిచి వేసుకున్నవి అవి.

ఒకసారి అలాంటి బాట మీద దిగుతున్నా. మరీ వేగం కాదు. మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒకావిడ, నెత్తి మీద కట్టెల మోపు, వెనక ఏడెనిమిదేళ్ళ పాప. నేను బ్రేకు వేసేలోపే ఆవిడ పక్కకి, తుప్పల్లోకి దిగిపోయింది, పాపని కూడా లాక్కుంది. ఎక్కేవాళ్ళకి దిగేవాళ్ళు దారివ్వాలి, సైకిల్ వాళ్ళు నడిచేవాళ్ళకి దారివ్వాలి, ఏ బోర్డు చూసినా ఇదే రాసుంటుంది, నాకు కంఠతా వచ్చు. కానీ నేను ఆగేలోపే ఆవిడ తప్పుకుంది. మైదానం నించి వచ్చే బండికి తప్పుకోవడం ఆవిడకి అంతగా అలవాటైపోయింది. దిగి నిలబడి "అమ్మా, మీరు రండి" అన్నాను. రాలేదు. "నువ్వెల్లు బాబు" అంది. ముళ్ళల్లో నిలబడి, నెత్తి మీద మోపుతో, నన్నే ముందు వెళ్ళమంది. సైకిలెత్తి తుప్పల్లో పడేసి నేను అవతల పక్కకి దిగితే గానీ ఆవిడ బాట మీదకి రాలేదు. పాప చెయ్యి గీరుకుని రక్తం వచ్చింది.

ఆ తర్వాత ఆ బాటలో తొక్కలేదు. ఇది రాయడానికి నాకు ఇబ్బందిగానే ఉంది, ఎందుకంటే నియమం ఒక్కటీ తప్పలేదు నేను. వేగం అదుపులోనే ఉంది, ఆగాను కూడా. అయినా ఆవిడ ఇంటి దారిలో ఆవిణ్ణే పక్కకి తప్పుకునేలా చేసాను. ఆరితేరిన తొక్కుడు, జాగ్రత్త, గంట కొట్టడం ఇవేవీ దీన్ని సరిచేయవు, ఆ బాట మీద నేను ఉండొచ్చా అని ముందు ఎవర్నయినా అడిగి ఉండాల్సింది. అటవీ శాఖ అనుమతి ఒకటి ఎలాగూ కావాలి, నేను దాని గురించి కాదు అనేది, ఊళ్ళోవాళ్ళని అడగడం గురించి.

కొందరు స్నేహితులు దీనికి వేరేలా చెప్తారు. సైకిల్ వాళ్ళు వస్తే వాళ్ళకీ నాలుగు డబ్బులొస్తాయి, గైడు పని దొరుకుతుంది, జీపుల కంటే ఇదే నయం అని. మారేడుమిల్లి దగ్గర గుడిస కొండ మీద గడ్డి మైదానంలో జీపుల చక్రాల చారలు చూసాక జీపుల కంటే నయం అన్న మాట నిజమేననిపిస్తుంది. డబ్బులు కూడా రావచ్చు. కాకపోతే అది మనం ఇక్కడ కూర్చుని వాళ్ళ తరఫున తేల్చేసే సంగతి కాదు.

కుర్రాళ్ళు ఎక్కడ తొక్కాలి మరి

వద్దు వద్దు అని చెప్పడం సులువు. గట్టు మీద వద్దు, అడవిలో వద్దు, ఇరవై ఏళ్ళ కుర్రాడు ఎక్కడికి పోతాడు? గట్టు మీద అసలు తొక్కొద్దని కూడా నేను అనట్లేదు. సంక్రాంతి తర్వాత నేలంతా ఎండి గట్టిపడ్డాక కాలవ గట్ల మీద లాకుల దాకా వెళ్ళిరావడం కన్నా హాయి ఇంకోటి లేదు, పైనే, ఉన్న బాట మీదే, ఎదురొచ్చేవాళ్ళకి దిగి దారిస్తూ. వాలులోకి మాత్రం దిగకూడదు. జూన్ నించి అక్టోబరు దాకా తడి గట్టు ఎక్కకూడదు.

ఎగరడానికి మా పెదనాన్నగారి కొబ్బరి తోటలో పది సెంట్లు ఖాళీ అడిగాను. ముందు "కాలూ చెయ్యీ విరగ్గొట్టుకుంటారు" అన్నారు, తర్వాత ఒప్పుకున్నారు. ఒండ్రు మట్టి, కొంచెం గరువు ఇసక కలిపి, దిమ్మిస కొట్టి, మూడు దిమ్మలూ ఒరిగించిన మలుపు ఒకటీ కట్టాం. గాడి పూడ్చడం నేర్చుకున్న చేతులే కాబట్టి కట్టడం బాగానే వచ్చింది. దీంతో బ్లాక్ డైమండ్ తొక్కే పనితనం వచ్చేస్తుందా అంటే పూర్తిగా రాదు. కొండ కొండే. ఎంత చెప్పుకున్నా ఈ చదునులో పుట్టినవాడికి ఆ ఆకలి ఉంటుంది, నాకూ ఉంది, అది తీరే దారి ఇక్కడ ఇప్పటికైతే కనబడట్లేదు.

అక్టోబరులో ఒక రాత్రి జోరువానలో మా వాడు ఫోన్ చేసాడు. "మావయ్యా, రెండో దిమ్మ కింద నీళ్ళు నిలబడిపోయాయి, ఎటు వాటం కొట్టమంటావు?" పది దాటింది, తోటలో టార్చి పట్టుకుని ఉన్నాడు. కొబ్బరి చెట్ల వైపు కొట్టమన్నాను, వేళ్ళకి దూరంగా.

డిసెంబరులో మారేడుమిల్లి వెళ్దామంటున్నాడు. ఒక షరతు పెట్టాను, ముందు సైకిళ్ళు లేకుండా ఆ బాటంతా నడుద్దాం, ఊళ్ళో పెద్దల్ని అడుగుదాం, ఏ బాట ఎవరు ఏ వేళప్పుడు నడుస్తారో తెలుసుకుందాం. "వాళ్ళు వద్దంటే?" అన్నాడు. వద్దంటే కారు మీంచి సైకిళ్ళు దించకుండానే తిరిగొచ్చేస్తాం అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సైకిళ్ళు అసలు తీసుకెళ్ళడం ఎందుకు మావయ్యా, మొదటిసారి బస్సెక్కి పోదాం" అన్నాడు.